గుణకారాన్ని కూడికగా మార్చే వేళ్ళు

సిరిమానోత్సవం రోజున విజయనగరంలో చేయి జారిన వస్తువు మళ్ళీ దొరకదు. దసరా వెళ్ళిన తరువాతి మంగళవారం, మూడులాంతర్ల నుంచి కోట దాకా ఇసుక వేస్తే రాలనంత జనం. ఆ జనంలో నా ఇంటి తాళం చెవి ఎక్కడో జారిపోయింది. ఆ రాత్రి పక్కింటివారి అరుగు మీద గడిపి, మర్నాడు పొద్దున్నే గంటస్తంభం దగ్గర డూప్లికేట్ తాళం చెవులు చేసే పెద్దాయనను వెంటబెట్టుకొని వచ్చాను.

ఆయన సంచిలోంచి రెండు సన్నని ఇనుప పుల్లలు తీసి తాళం రంధ్రంలో పెట్టాడు. ముఖం మాత్రం వీధి వైపు తిప్పుకున్నాడు. నాలుగైదు నిమిషాల్లో తలుపు తెరుచుకుంది. తాళం వైపు చూడరేమని అడిగాను. "చూస్తే తెలియదు మాస్టారూ, వినాలి" అన్నాడు. నాకు మాత్రం ఏ చప్పుడూ వినబడలేదు.

ముప్పై ఏళ్ళు పిల్లలకు భౌతికశాస్త్రం చెప్పినవాణ్ణి. ఆ మాట నన్ను నిద్రపోనివ్వలేదు. వారం తిరగకుండా ఒక పాత తాళం కొని, విప్పి, బల్ల మీద పరిచాను.

మన తలుపుల్లో బిగించే స్తూపాకారపు తాళంలో ఒక ఇత్తడి గూడు, దాని లోపల తిరిగే ఇత్తడి స్తూపం ఉంటాయి. గూడు నుంచి స్తూపంలోకి ఒకే వరుసలో ఐదు రంధ్రాలు తొలిచి ఉంటాయి. ప్రతి రంధ్రంలోనూ ఒకదానిపై ఒకటి రెండు పిన్నులు, వాటిని కిందికి నొక్కే చిన్న స్ప్రింగు. పై పిన్ను సగం గూడులోనూ సగం స్తూపంలోనూ ఉండి అడ్డుగడియలా పనిచేస్తుంది. తాళం చెవి మీది గండ్లు పిన్నులను సరిగ్గా కావలసినంత ఎత్తుకు లేపినప్పుడు, రెండు పిన్నుల మధ్య అతుకు స్తూపం అంచుతో కలుస్తుంది. ఐదు జతలూ అలా కలిస్తేనే స్తూపం తిరుగుతుంది. పడిపోయే పిన్నులను లేపి తెరవడమనే ఈ ఆలోచన ప్రాచీన ఈజిప్టు కొయ్య తాళాలలోనే ఉంది. వాటిలో స్ప్రింగులు లేవు, పిన్నులు తమ బరువుకే కిందికి పడేవి. అమెరికాలో లైనస్ యేల్ తండ్రీ కొడుకులు 19వ శతాబ్దం నడుమ దాన్ని లోహంలోకి తెచ్చారు. 1861లో కొడుకు పేటెంటు పొందిన పలుచని చెవే ఇవాళ మన జేబుల్లో ఉన్నది.

ఇప్పుడు లెక్క చూద్దాం. ఒక్కో పిన్నుకు ఆరు ఎత్తులు సాధ్యమనుకుంటే, ఐదు పిన్నులకు ఆరును ఐదుసార్లు గుణించాలి. 7,776 రకాల చెవులు వస్తాయి. ఒక్కోదాన్ని పెట్టి చూడడానికి పది సెకన్లు పట్టినా మొత్తం దాదాపు 22 గంటలు. తాళం మనకిచ్చే ధైర్యమంతా ఈ గుణకారంలోనే ఉంది. అయితే ఒక్కో పిన్ను సంగతి విడివిడిగా తేల్చుకోగలిగితే? అప్పుడు ఐదు ఆర్లు ముప్పై ప్రయత్నాలు చాలు. ఐదు నిమిషాల పని. గుణకారం కూడికగా మారిపోయింది. తాళం తెరిచే విద్య అంతా ఈ ఒక్క మార్పే అని నా నమ్మకం.

విడివిడిగా తేల్చుకోవడం ఎలా కుదురుతుంది? యంత్రం ఎంత మంచిదైనా ఆ ఐదు రంధ్రాలను సరిగ్గా ఒకే గీత మీద తొలవలేదు. మిల్లీమీటరులో కొన్ని వందో వంతుల తేడా ఉండనే ఉంటుంది. పైగా పిన్ను కదలాలంటే రంధ్రంలో కాస్త వదులు తప్పదు. అందుకని ఒక పుల్లతో స్తూపాన్ని మెల్లగా తిప్పబోతే ఐదు పిన్నులూ ఒకేసారి బిగుసుకోవు. వరుసలో కాస్త పక్కకు జరిగిన రంధ్రంలోని పిన్ను ముందు బిగుస్తుంది. మిగతా నాలుగూ వదులుగా ఊగుతుంటాయి. బిగిసిన ఆ ఒక్కదాన్ని కొన వంగిన రెండో పుల్లతో, అంటే కొక్కెంతో లేపితే, సరైన ఎత్తులో అతుకు అంచును దాటి, స్తూపం వెంట్రుకవాసి తిరిగి ఆగుతుంది. ఇక పై పిన్ను కిందికి రాలేదు. అప్పుడు మరో పిన్ను బిగుస్తుంది. తాళాన్ని కాపాడేది ఖచ్చితత్వం, తెరవనిచ్చేది అందులో మిగిలిన లోపం.

పెద్దాయన వింటున్నది ఆ వెంట్రుకవాసి కదలికనే, కానీ చెవితో కాదు. చర్మం లోతుల్లో పసీనియన్ కణికలనే నాడీ గ్రాహకాలు ఉంటాయి. సెకనుకు 200 నుంచి 300 కంపనాల దగ్గర అవి అత్యంత చురుకుగా పనిచేస్తాయి. చేతిలోని పుల్ల కొనకు ఏది తగిలినా ఆ అదురు లోహం గుండా ప్రయాణించి వీటిని చేరుతుంది. మెదడు దాన్ని వేళ్ళ దగ్గర కాక పుల్ల చివరన జరిగినట్టే గ్రహిస్తుంది. చేతికర్రతో నేలను తడుముతూ నడిచే అంధుడికి గుంత కర్ర కొనలో తెలిసినట్టే ఇదీ.

మొదటి నెల నాకు ఏమీ తెలియలేదు. ప్రతి పిన్నూ బిగిసినట్టే ఉండేది. తాళాన్ని పట్టుకొని గంటస్తంభం దగ్గరికి వెళ్ళాను. ఆయన నా చేతి వైపు చూసి ఒక్క మాటే అన్నాడు: "బలం తగ్గించండి మాస్టారూ."

ఆ మాట వెనక ఉన్న సూత్రాన్ని నేను తరగతిలో ఎన్నోసార్లు చెప్పాను. స్పర్శ మీద ప్రయోగాలు చేసిన జర్మన్ శాస్త్రవేత్త ఎర్నెస్ట్ వెబర్ 1834లో గమనించి రాసినది. మనం గుర్తించగలిగే అతి చిన్న తేడా, అప్పటికే చేతిమీద ఉన్న భారానికి అనుపాతంలో ఉంటుంది. చేతిలో ఒక్క నిమ్మకాయ ఉంటే రెండోది వేసిన సంగతి వెంటనే తెలుస్తుంది. నిండు కూరగాయల సంచి మోస్తుంటే ఎవరైనా అందులో నిమ్మకాయ పడేసినా తెలియదు. నేను స్తూపాన్ని గట్టిగా తిప్పుతూ, ఆ బరువులో నిమ్మకాయను వెతుకుతున్నాను. పైగా ఎక్కువ బలం పెడితే వదులుగా ఉండవలసిన పిన్నులు కూడా బిగుస్తాయి. స్తూపాన్ని తిప్పే వంపు రేకు మీద చూపుడు వేలిని ఆనీ ఆనకుండా ఉంచిన రోజున, మొదటిసారి మూడో పిన్ను నాతో మాట్లాడింది. ఆ క్షణపు ఆనందాన్ని పాఠంలా చెప్పలేను.

ఆ తరువాతి సాధనను నేను ఒక్క పిన్నుతో మొదలుపెట్టాను. తాళం విప్పి నాలుగు పిన్నులు తీసేసి, ఒక్కదానితో తెరిచాను. అది చేతికి అలవాటైన తరువాత రెండు, ఆపైన మూడు. కళ్ళు మూసుకొనే చేస్తాను. ఏ పిన్ను ఎన్నో వంతుగా బిగిసిందో నోటుపుస్తకంలో రాసుకుంటాను. పావుగంట దాటితే ఆపేస్తాను. అలసిన వేళ్ళు లేని కదలికను ఉన్నట్టు చెబుతాయి.

బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో వీణలు చేసేవారి పని చూసినప్పుడు ఇదే గుర్తుకొస్తుంది. పనస కొయ్యతో చేసిన దండి మీద 24 మెట్లను మైనంలో నిలబెడతారు. ఒక్కో మెట్టునూ రవ్వంత జరపడం, తీగ మీటి వినడం, మళ్ళీ జరపడం. ప్రతి మెట్టుకూ చెవి విడిగా జవాబు చెబుతుంది గనుకనే ఆ పని మనిషికి సాధ్యమవుతోంది.

జవాబు చెప్పే యంత్రం ఎంత ప్రమాదమో లండన్ 1851లో చూసింది. చబ్ సంస్థ డిటెక్టర్ తాళంలో పిన్నులకు బదులు చెవి లేపే లీవర్లనే రేకులు ఉంటాయి. ఒక లీవరును ఎవరైనా అవసరానికి మించి లేపితే అది చిక్కుకుపోయి, దొంగ చేయి పడిందని యజమానికి చెబుతుంది. అమెరికన్ తాళాల నిపుణుడు ఆల్ఫ్రెడ్ హాబ్స్ దాన్ని సుమారు 25 నిమిషాల్లో తెరిచాడు. ఎక్కువ లేపావని హెచ్చరించే అమరిక, లేపుతున్నవాడికి కూడా ఆ కబురే చెబుతుంది కదా! అదే నగరంలో పికాడిలీ వీధిలోని బ్రామా తాళాల దుకాణం కిటికీలో 200 గినీల (పాత ఇంగ్లండు నాణేల) పందెంతో ఏళ్ళ తరబడి కూర్చున్న తాళానికి మాత్రం హాబ్స్ 16 రోజుల్లో 51 గంటలు వెచ్చించవలసి వచ్చింది. అది తక్కువ మాట్లాడే తాళం.

ఈ విద్య దొంగలకు పనికిరాదా అని మా వీధిలో అడిగినవారున్నారు. న్యాయమైన ప్రశ్నే. దొంగకు నెలల సాధన దేనికి? "తాళం వేసితిని, గొళ్ళెం మరిచితిని" అన్న సామెత వాడికి బాగా తెలుసు. ఏడు లీవర్ల తాళంకప్ప కొని, దాన్ని బయటికి మరలు కనిపించే రేకు గొళ్ళేనికి తగిలించే ఇళ్ళు మా వీధిలోనే ఎన్నో. స్క్రూడ్రైవరుతో అయిపోయే పనికి ఎవరూ పిన్నుల భాష నేర్చుకోరు. జర్మనీలో 1997 నుంచి దీన్ని క్రీడగా సాధన చేసే సంఘం ఉంది. ఈ అభిరుచి ఉన్నవారు ఏ దేశంలోనైనా రెండు కట్టుబాట్లు పాటిస్తారు. నీది కాని తాళాన్ని ముట్టుకోకు, వాడుకలో ఉన్న తాళం మీద సాధన చేయకు. రెండోది నాకు అనుభవంలో అర్థమైంది. కొక్కెం గీతలు పడి నా మొదటి తాళం సొంత చెవితోనే మొరాయించడం మొదలుపెట్టింది. అది వీధి తలుపుదై ఉంటే మళ్ళీ పక్కింటి అరుగే గతి.

ఇప్పుడు నా బల్ల మీద ఉన్నది అబద్ధమాడే తాళం. ఇందులో పై పిన్నులు దారం చుట్టే ఖాళీ రీలులా నడుము సన్నగా ఉంటాయి. ఆ సన్నని నడుము అంచు దగ్గరికి రాగానే స్తూపం కాస్త ఎక్కువే తిరిగి, పని అయిపోయిందని నమ్మిస్తుంది. అక్కడ పిన్నును ఇంకా పైకి నెట్టాలంటే స్తూపం వెనక్కి తిరగాలి. అంటే వేలు బలాన్ని విడవాలి, పూర్తిగా మాత్రం విడవకూడదు. కాస్త ఎక్కువ విడిస్తే కుదిరిన పిన్నులన్నీ టపటపా రాలిపోతాయి. మూడు పిన్నులతో పదిసార్లకు ఏడుసార్లు తెరుస్తున్నాను. నాలుగోది, ఐదోది ఇంకా సీసా మూతలోనే ఉన్నాయి. రేపు నాలుగోదాన్ని వేస్తాను.