సంఖ్యారేఖ మీద నడిచే పిల్లలు

శ్రీకాకుళం జిల్లాలో చాలా బడులకు తరగతి గది ముందు పొడవాటి వరండా ఉంటుంది. ఆ గచ్చు మీద సుద్దముక్కతో ఒక గీత గీసి, మధ్యలో సున్నా, కుడివైపు 1, 2, 3, ఎడమవైపు మైనస్ 1, మైనస్ 2 అని వరుసగా రాయండి. మైనస్ 3 దగ్గర నిలబడిన అమ్మాయి 5 దాకా నడిస్తే ఎనిమిది అడుగులు పడతాయి. 5 లోంచి మైనస్ 3 తీసివేస్తే 8 ఎందుకు వస్తుందో, సూత్రం వల్లించకుండానే ఆ అమ్మాయికి తెలిసిపోతుంది.

2011లో ప్రచురితమైన ఒక జర్మన్ ప్రయోగంలో కిండర్‌గార్టెన్ పిల్లలను చాప మీద నిలబెట్టి, రెండు సంఖ్యలను పోల్చమన్నారు. చిన్నదైతే ఎడమకు, పెద్దదైతే కుడికి అడుగు వేయాలి. అడుగులతో పనిలేని కంప్యూటర్ అభ్యాసం కన్నా ఇలా నేర్చుకున్నప్పుడే పిల్లలు గీత మీద సంఖ్య స్థానాన్ని మెరుగ్గా గుర్తించారు. అడుగు పడిన దిక్కు, సంఖ్య పెరిగే దిక్కు ఒకటే కావడంలోనే దాని బలం ఉంది.

షికాగో విశ్వవిద్యాలయానికి చెందిన సూసన్ గోల్డిన్-మెడో బృందం 2009లో చేసిన పని నాకు మరీ ఇష్టం. 3+2+8 = ? + 8 వంటి లెక్కలో 3, 2 కింద రెండు వేళ్ళు చాపి, తర్వాత ఖాళీని చూపించడం నేర్పారు. సరైన అంకెల కింద వేళ్ళు పెట్టినవాళ్ళు అందరికన్నా బాగా నేర్చుకున్నారు. తప్పు అంకెల కింద పెట్టినవాళ్ళకు అంత లాభం కలగలేదు. యాభై మంది కిక్కిరిసిన గదిలోనూ వేళ్ళు కదపడానికి చోటుంటుంది.

అందుకే పాఠంతో సంబంధం లేని కదలికల గురించి గట్టిగా చెప్పాలి. కుడిచేత్తో ఎడమ మోకాలు తాకితే మెదడు రెండు భాగాలూ కలిసి పనిచేసి చదువు వస్తుందన్న ప్రచారానికి నమ్మదగిన ఆధారం లేదు. ఆట, వ్యాయామం పిల్లల ఒంటికి రోజూ కావాలి. ఆటల పీరియడ్‌ను గణితానికి ఇచ్చేయడం అన్యాయం. కానీ అది వేరే అవసరం.

నెదర్లాండ్స్‌లో 499 మంది పిల్లలతో రెండేళ్ళపాటు, వారానికి మూడుసార్లు, గెంతుతూ లెక్కలు, అక్షరక్రమం నేర్పారు. 2016లో వెలువడిన ఫలితాల ప్రకారం ఆ రెండింటిలో వాళ్ళు ముందుకు వెళ్ళారు. చదవడంలో మాత్రం తేడా రాలేదు.

మన దగ్గర తప్పెటగుళ్ళు ఉన్నాయి. రొమ్ముకు కట్టుకున్న తప్పెటను వాయిస్తూ, గజ్జెల కాళ్ళతో లెక్క తప్పకుండా అడుగేసే కళాకారులు శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల పల్లెల్లో పిల్లలకు తెలిసినవాళ్ళే. ఆ దరువుతో కసాగు, అంటే కనిష్ఠ సామాన్య గుణిజం, చెప్పవచ్చు. ఒకరు తప్పెట వాయిస్తుంటే, ఒక వరుస ప్రతి నాలుగో దెబ్బకు, ఇంకో వరుస ప్రతి ఆరో దెబ్బకు అడుగు వేయాలి. రెండు వరుసలూ మొదటిసారి కలిసి అడుగు వేసేది పన్నెండో దెబ్బకు. రెండు సంఖ్యలను గుణిస్తే వచ్చేదే కసాగు అనుకుని 24 కోసం ఎదురుచూసే పిల్లలు, అంతకుముందే కాళ్ళు ఎందుకు కలిశాయని తప్పకుండా అడుగుతారు. అసలు పాఠం అప్పుడు మొదలుపెట్టవచ్చు.