గుర్రం మొరాయించిందంటే ముందు దాని నోరు చూడండి

పెళ్ళిళ్ళ సీజన్ మొదలైందంటే విజయనగరంలో సాయంత్రం అయ్యేసరికి ఏదో ఒక వీధిలో బ్యాండు మేళం, లైట్లు మోసేవాళ్ళు, మధ్యలో దండలేసిన తెల్లగుర్రం, దాని మీద పెళ్ళికొడుకు కనిపిస్తారు. ఆ గుర్రం గానీ ఉన్నట్టుండి ఆగిపోయి అడుగు వెయ్యనన్నా, ముందుకాళ్ళు పైకి లేపినా చుట్టూ ఉన్నవాళ్ళు అనే మాట ఒకటే, "పొగరెక్కిందిరా దీనికి, రెండు తగిలించు" అని. ఆ మాట వింటే నాకు ఒళ్ళు మండుతుంది. మొండిదని పేరు పడిన గుర్రాల్లో చాలావాటికి ఎక్కడో నొప్పి ఉంటుంది, లేదా భయం, లేదా ఆకలి, ఇవేవీ కాకపోతే తెలీకుండా మనమే నేర్పిన పాఠం ఉంటుంది. ఈ నాలుగూ చూడకుండా కొరడా తియ్యడం అన్యాయం, పైగా దానివల్ల పని కూడా జరగదు.

ముందు నోటి సంగతి. గుర్రం పళ్ళు మన పళ్ళలాగా ఒకసారి వచ్చి ఆగిపోవు, ఏడాదికి 2 నుంచి 3 మిల్లీమీటర్ల చొప్పున చిగుళ్ళలోంచి బయటికి వస్తూనే ఉంటాయి, గడ్డి నమిలేకొద్దీ అరుగుతూ ఉంటాయి. పైదవడ కిందదవడ కంటే వెడల్పు కాబట్టి అరుగుదల సమంగా ఉండదు, పైపళ్ళకి బుగ్గల వైపు, కిందపళ్ళకి నాలుక వైపు పదునైన మొనలు తేలిపోతాయి. కంటోన్మెంట్ వైపు గుర్రాలు పెంచే ఒక తాత నాకు ఇది చూపించాడు. "రెండ్రోజుల్నించి గడ్డి ఉండలు కట్టి ఊసేస్తంది బాబూ, నోట్లో ఏటో అయ్యింది దీనికి" అంటూ కిందపడిన తడి గడ్డి ఉండని చేతిలోకి తీసుకుని విప్పాడు, సగమే నలిగిన పుల్లలు పుల్లల్లాగే ఉన్నాయి లోపల. తరవాత ఆ ఆడగుర్రం నాలుకని నెమ్మదిగా పక్కకి తప్పించి సెల్ లైటు వేస్తే బుగ్గ లోపల పొడుగ్గా ఎర్రటి పుండు. సరిగ్గా ఆ పుండుని అదుముతూ కళ్ళెం పట్టీ బయటినుంచి బిగించి ఉంది. అంతకుముందు వారమంతా అది ఎడమవైపు తిరగనని తల ఎగరేస్తుంటే అందరూ మొండిదనే అన్నారు. పంటినొప్పితో ఉన్న మనిషి నోట్లో ఇనపముక్క పెట్టి లాగితే వాడేం చేస్తాడో అదే చేసింది పాపం. డాక్టరు నోరు తెరిచి పట్టే సామాను పెట్టి ఆకురాయితో ఆ మొనలు అరగదీస్తే సరిపోతుంది, ఏడాదికి ఒకసారైనా పళ్ళు చూపించాలి. మన జిల్లాలోనే గరివిడిలో వెటర్నరీ కాలేజీ ఉంది కాబట్టి అడగడానికి మనుషులు లేరనుకోనక్కర్లేదు.

ముళ్ళ కళ్ళెం గురించి కూడా ఇక్కడే చెప్పెయ్యాలి. నోట్లోకి వెళ్ళే కడ్డీకి ముళ్ళో మొనలో ఉండే కళ్ళేలు వాడకూడదని బండ్లు లాగే, బరువులు మోసే జంతువుల మీద కేంద్రం 1965లో పెట్టిన రూల్స్‌లోనే ఉంది. అంటే అరవై ఏళ్ళ కిందటి చట్టం ఇది. నా దృష్టిలో ముళ్ళ కళ్ళెం లేకపోతే ఆగని గుర్రం అంటే ఇంకా జనంలోకి తీసుకురావడానికి తయారవ్వని గుర్రమే.

నొప్పి ఉందో లేదో మొహంలో కూడా తెలుస్తుంది. 2014లో యూరప్ పరిశోధకులు గుర్రం మొహంలో నొప్పిని కొలవడానికి ఒక స్కేల్ తయారుచేశారు, అందులో చూసేవి ఇవీ: చెవులు బిర్రుగా వెనక్కి తిరగడం, కంటిరెప్పలు బిగుసుకోవడం, కంటి పైన ఎముక తేలినట్టు కనిపించడం, దవడ కండ బిగియడం, పెదవి గట్టిపడి గడ్డం తేలడం, ముక్కుపుటాలు బిగదీసుకోవడం. ఇంగ్లండ్‌లో స్యూ డైసన్ అనే వెటర్నరీ డాక్టరు సవారీ చేసేటప్పుడు కనిపించే 24 లక్షణాల లిస్టు ఒకటి 2018లో పబ్లిష్ చేశారు, తోక అదేపనిగా విదల్చడం, నోరు తెరవడం, తల ఊపడం ఇలాంటివి, వాటిలో 8 గానీ అంతకంటే ఎక్కువ గానీ కనిపిస్తే ఒంట్లో ఎక్కడో నొప్పి ఉండే అవకాశం బాగా ఎక్కువ. మనం పొగరు అని పిలిచేవి చాలావరకు ఆ లిస్టులో ఉన్నాయి.

ఇంక కడుపు. గుర్రం కడుపులో యాసిడ్ రాత్రీ పగలూ ఊరుతూనే ఉంటుంది, దాన్ని చల్లార్చే లాలాజలం మాత్రం నమిలినప్పుడే వస్తుంది, అందుకే బయట వదిలిన గుర్రం రోజులో సగం పైనే మేస్తూ గడుపుతుంది. మనమేమో పొద్దున ఒక బకెట్ దాణా, రాత్రి ఒక బకెట్ దాణా పెట్టి మధ్యలో ఖాళీగా కట్టేస్తాం. అలా గంటల తరబడి గడ్డి లేకుండా ఉంటే కడుపులో అల్సర్లు వస్తాయి, అప్పుడు జీను పట్టీ బిగిస్తుంటే కరవడానికి వస్తుంది, కర్ర కొరుకుతుంది, చిరాగ్గా ఉంటుంది. ఒంటి బరువులో 1.5 నుంచి 2 శాతం ఎండుమేత రోజూ పడాలి, అంటే 300 కేజీల గుర్రానికి దాదాపు 5, 6 కేజీలు, అదీ ఒకేసారి కాకుండా విడతలుగా. ఉలవలు మంచివే గానీ గడ్డి బదులు ఉలవలు కుదరవు. తవుడు చవగ్గా దొరుకుతుంది కదా అని మన వైపు బస్తాలకి బస్తాలు పెడతారు, తవుట్లో భాస్వరం చాలా ఎక్కువ, కాల్షియం తక్కువ, నెలల తరబడి అదే ప్రధాన దాణా అయితే శరీరం ఎముకల్లోంచి కాల్షియం లాగేసుకుంటుంది, మొహం ఎముకలు ఉబ్బుతాయి, కుంటుతుంది. అప్పుడు నడవనంటే దానిది బద్ధకమా?

ఇంకో ముఖ్యమైన సంగతి, గుర్రం వాంతి చేసుకోలేదు. లోపల గ్యాసు పట్టినా పేగు మెలిపడినా దానికి బయటపడే దారి లేదు. పనిలో ఉండగా కాలితో నేల గీరుతూ, మాటిమాటికీ డొక్క వైపు చూసుకుంటూ, పడుకుని దొర్లుతుంటే అది కడుపుశూల, వెంటనే డాక్టర్ని పిలవాలి, లేపి బండి కట్టకూడదు.

గిట్టలు నెలకి ఇంచుమించు సెంటీమీటరు దాకా పెరుగుతాయి కాబట్టి ఆరు నుంచి ఎనిమిది వారాలకోసారి చెక్కించి లాడాలు మార్చాలి. వానాకాలం సాలలో నేల తడిగా ఉంటే గిట్ట అడుగున వి ఆకారంలో ఉండే మెత్తటి భాగం కుళ్ళి నల్లగా వాసన వస్తుంది, రోజూ గీరి శుభ్రం చేసి ఆరబెడితే రాదు. కళింగపట్నం, భోగాపురం లాంటి సముద్రం పక్క ఊళ్ళలో ఎండాకాలం ఉక్కపోతకి కొన్ని గుర్రాలకి చెమట పట్టడమే ఆగిపోతుంది, ఒళ్ళు పొడిగా కాలిపోతూ రొప్పుతుంటాయి, వాటిని నీడకి తెచ్చి ఒంటినిండా నీళ్ళు పోసి డాక్టరుకి చెప్పాలి తప్ప అదిలించి నడిపించకూడదు.

ఒంట్లో అంతా బాగుందని తేలాక మిగిలింది భయం. గుర్రం కళ్ళు తలకి రెండు పక్కలా ఉండటం వల్ల దాదాపు 350 డిగ్రీలు కనిపిస్తుంది, సరిగ్గా నుదుటి ముందు కొంచెం, తోక వెనక కొంచెం మాత్రం కనపడదు. అందుకే వెనకనుంచి చడీచప్పుడు లేకుండా వస్తే తన్నుతుంది, భుజం వైపు నుంచి మాట్లాడుతూ వెళ్ళాలి. వెలుతురులోంచి చీకట్లోకి వెళ్ళినప్పుడు దాని కళ్ళు సర్దుకోడానికి మనకంటే ఎక్కువసేపు పడుతుంది, ఎండలోంచి తెచ్చి చీకటి వ్యాన్ ఎక్కమంటే మొరాయించేది అందుకే, లోపల లైటు వేసి కాసేపు నిలబడనిస్తే చాలాసార్లు తనే ఎక్కుతుంది. గుర్రాన్ని మనిషి మచ్చిక చేసుకుని ఇంచుమించు 4200 ఏళ్ళయింది, ఇప్పటి గుర్రాల మూలం వోల్గా, డాన్ నదుల మధ్య గడ్డిమైదానాలని 2021లో పాత ఎముకల డీఎన్ఏ చూసి తేల్చారు, అప్పట్లో ఎంచుకున్న జన్యువుల్లో ఒకటి భయం, ఆందోళన తగ్గడానికి సంబంధించిందని కూడా అన్నారు. అంతగా ఎంచినా ప్రమాదం అనిపిస్తే పారిపోవడం అనే గుణం పోలేదు, పోదు కూడా.

అలాంటి జంతువు కాళ్ళ దగ్గర టపాసుల మాల పేల్చడం ఏ రకంగా చూసినా తప్పే. పెళ్ళివాళ్ళకి ముందే చెప్పెయ్యాలి, గుర్రం కావాలంటే దాని దగ్గర టపాసులు కుదరవు, డీజే బాక్సులు దూరంగా పెట్టాలి అని. డప్పు చప్పుడు అలవాటు చెయ్యొచ్చు, దానికి పద్ధతుంది, గడ్డి తింటున్నప్పుడు దూరంగా ఫోన్‌లో చిన్న సౌండుతో పెట్టి, చెవి తిప్పి మళ్ళీ తిండిలో పడిందంటే ఇంకొంచెం పెంచుతూ రోజుల మీద వెళ్ళాలి. ఒకేసారి బ్యాండు మధ్యలో కట్టేస్తే కొన్ని కదలకుండా నిలబడతాయి, అది అలవాటు పడటం కాదు, భయంతో బిగుసుకుపోవడం, ఏదో ఒకరోజు బద్దలవుతుంది.

నేర్పడంలో అసలు కిటుకు వదలడంలో ఉంది. పగ్గం లాగినా, చేత్తో నొక్కినా గుర్రం నేర్చుకునేది ఆ ఒత్తిడి ఎప్పుడు పోయింది అన్నదాన్ని బట్టి. కాలు ఎత్తనివ్వని గుర్రాన్నే తీసుకోండి. భుజం పక్కన తోక వైపు మొహం పెట్టి నిలబడి, చెయ్యి భుజం మీంచి కిందకి జార్చుకుంటూ వచ్చి గిట్ట పైన కీలు దగ్గర మెల్లగా నొక్కండి, అది కాలు ఎత్తక్కర్లేదు, బరువు అవతలి కాలి మీదకి మార్చిందనిపించగానే చెయ్యి తీసెయ్యండి. కాసేపాగి మళ్ళీ. ఈసారి ఎత్తితే ఒక్క క్షణం పట్టుకుని, అది గుంజుకోకముందే మీరే కింద పెట్టండి. గుంజుకున్నప్పుడు వదిలారా, గుంజితే వదుల్తారని నేర్చుకుంటుంది, ఈసారి ఇంకా గట్టిగా గుంజుతుంది. దెబ్బ కూడా అంతే, అది కరిచాక తాడు కట్టి కర్ర వెతుక్కొచ్చి కొడితే ఆ దెబ్బ ఎందుకో దానికి అర్థం కాదు, మీ చెయ్యి వస్తే నొప్పి వస్తుందని మాత్రం అర్థమవుతుంది.

మన గుండెదడ కూడా దానికి అందుతుంది. స్వీడన్‌లో 2009లో వచ్చిన ఒక పరిశోధనలో మనుషుల చేత గుర్రాల్ని అటూ ఇటూ నడిపించి, ఎక్కించి, చివరిసారి "ఇప్పుడు గొడుగు తెరుస్తాం" అని మనుషులకి చెప్పారు, గొడుగు మాత్రం తెరవలేదు. మనుషుల గుండె వేగం పెరిగింది, ఏమీ వినని గుర్రాల గుండె వేగం కూడా పెరిగింది. అందుకే జంకుతూ ఉన్న కుర్రాడి చేతికి పగ్గం ఇచ్చి జనంలోకి పంపకూడదు. ఒంటరిగా ఉంచినా గుర్రానికి బెంగే, రెండో గుర్రం పెంచే స్తోమత లేకపోతే ఒక మేకని తోడుగా కట్టినా చాలా తేడా కనిపిస్తుంది.

నోరు చూడమని మొదట్లో చెప్పాను గానీ, ఒక్క సందర్భంలో నోట్లో చెయ్యి పెట్టనే కూడదు. నిన్నటిదాకా సాధువుగా ఉన్న గుర్రం ఒక్కసారిగా కరవడానికి వస్తున్నా, చొంగ కారుస్తూ మింగలేకపోతున్నా, కాళ్ళు తడబడుతున్నా, ఈమధ్య కుక్క కరిచిందేమో ఆలోచించండి, గుర్రాలకీ రేబిస్ వస్తుంది. దూరంగా విడిగా ఉంచి డాక్టర్ని పిలవండి, దాని చొంగ మీ చేతి గాయానికి గానీ తగిలి ఉంటే సబ్బుతో 15 నిమిషాలు కడుక్కుని అదే రోజు ఆసుపత్రికి వెళ్ళి ఇంజెక్షన్లు మొదలుపెట్టించుకోండి.