టవర్ మీదే చూపు, పిల్లల చెవి దగ్గరి ఫోన్ మీద లేదు

కాలనీలో సెల్ టవర్ లేస్తోందంటే చాలు, అర్జీలు మొదలవుతాయి. అది బడి పక్కనైతే తల్లిదండ్రుల టెన్షన్ చెప్పక్కర్లేదు. పిల్లలకు క్యాన్సర్ వస్తుందేమోనన్న ఈ భయం సెల్‌ఫోన్లతో రాలేదు, అంతకుముందే కరెంటు తీగల దగ్గర పుట్టింది.

అమెరికాలోని డెన్వర్‌లో నాన్సీ వెర్తీమర్ అనే పరిశోధకురాలు క్యాన్సర్‌తో చనిపోయిన పిల్లల చిరునామాలు పట్టుకుని ఇల్లిల్లూ చూసి వచ్చారు. ఎక్కువ కరెంటు మోసే తీగలు, ట్రాన్స్‌ఫార్మర్లు ఆ ఇళ్ల దగ్గరే ఎక్కువగా కనిపించాయి. ఎడ్ లీపర్‌తో కలిసి ఆమె 1979లో ప్రచురించిన ఆ పరిశీలనపై వాదోపవాదాలు ఇంకా ఆగలేదు. తీగలే కారణమని మాత్రం నేటికీ రుజువు కాలేదు.

సెల్‌ఫోన్ వచ్చాక ప్రశ్న నేరుగా తల దగ్గరికి చేరింది. బ్రిటన్‌లో సెల్‌ఫోన్ల భద్రతను పరిశీలించిన సర్ విలియం స్టీవర్ట్ కమిటీ 2000లోనే పిల్లల చేత అనవసరమైన కాల్స్ మాన్పించమంది. హాని రుజువైందని కాదు, ఎదిగే వయసు కదా అని. 2011లో ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ విభాగం, ఫోన్లు, టవర్లు పంపే రేడియో తరంగాలను 'క్యాన్సర్ కారకం కావచ్చు' అనే జాబితాలో చేర్చింది. ఒకే ఫోన్ వాడినా పిల్లల మెదడుకు పెద్దలకంటే సగటున రెట్టింపు శక్తి చేరవచ్చని కూడా చెప్పింది.

మన దేశంలో 2012 సెప్టెంబరు 1న రెండు మార్పులు ఒకేసారి వచ్చాయి. టవర్ల నుంచి వచ్చే తరంగాల బలానికున్న పరిమితిని అంతర్జాతీయ ప్రమాణంలో పదో వంతుకు తగ్గించారు. సెల్ సిగ్నళ్లు వాడే 900 మెగాహెర్ట్జ్ తరంగాల దగ్గర చదరపు మీటరుకు 4.5 వాట్లు కాస్తా 0.45 అయింది. ఫోన్ల నుంచి శరీరం గ్రహించే శక్తికి, అంటే సార్‌కు, కిలోకు 1.6 వాట్ల హద్దు పెట్టారు. ఆ నవంబరులోనే రాజస్థాన్ హైకోర్టు బడుల దగ్గరి టవర్లు తీసేయమనడంతో చర్చంతా టవర్ల చుట్టూనే తిరిగింది. ఫోన్ల సంగతి ఎవరికీ పట్టలేదు.

నా దృష్టిలో అసలు పొరపాటు అక్కడే జరిగింది. టవర్ తరంగాల బలం దూరంతో పాటు బాగా పడిపోతుంది. ఫోనేమో చెవికి ఆనుకునే ఉంటుంది. పైగా సిగ్నల్ ఒక్క గీతే ఉన్నచోట, లిఫ్టులోనో ఊరి చివరో, ఫోన్ తన శక్తిని పెంచుకుని మరీ టవర్‌ను అందుకోవాలి. బడి పక్కనున్న టవర్‌ను దూరం పంపిస్తే, అక్కడ ఫోన్ మాట్లాడే పిల్లల తలకు చేరే శక్తి పెరగవచ్చు కూడా.

చాలా ఫోన్లలో *#07# నొక్కితే సార్ అంకె కనిపిస్తుంది. ఒక్కసారి నొక్కి చూడండి. ఆ అంకెను తేల్చే పరీక్షలో వాడే బొమ్మ తల పెద్దవాళ్లది. దాని కొలతలు అమెరికా సైనికుల నుంచి తీసుకున్నవి.

పిల్లల గురించి సూటిగా అడిగిన పెద్ద అధ్యయనం మోబీ-కిడ్స్. మన దేశంతో సహా 14 దేశాల్లో 10 నుంచి 24 ఏళ్ల వారిని పరిశీలించి, ఫోన్ వాడకం వల్ల మెదడు కణితులు వస్తున్నాయనడానికి ఆధారం కనిపించలేదని తేల్చింది. ఇది నిజంగా ఊరటనిచ్చే మాట. అయితే రెండేళ్లకే ఫోన్ పట్టుకుంటున్న పిల్లలు ఆ లెక్కలో లేరు.