రెండు పామ్‌టాప్‌లు, రెండు వేగాలు

బసవనగుడి, బెంగళూరు

చిరంజీవులు చిన్నికీ, బంటికీ తాతయ్య ఆశీస్సులు.

మీ పంచాయితీ ఇంకా తెగలేదని మీ అమ్మ ఫోనులో చెప్పింది. ఎండాకాలం సెలవుల్లో మీకిచ్చిన చిట్టి కంప్యూటర్లు, హెచ్‌పీ 200ఎల్‌ఎక్స్‌లు, రెండూ ఒకటే మోడలు, ఒకటే రంగు, రెంటిలోనూ 2 ఎంబీ మెమరీ. అయినా అక్కది చకచకా పనిచేస్తోంది, నాది ఈడుస్తోంది అని బంటి గోల. తాతయ్య కావాలనే అక్కకి మంచిది ఇచ్చాడన్న మాట కూడా నా చెవిన పడింది. ఒరేయ్, ఏది ఎవరికన్నది మీరే చీటీలు వేసుకుని తేల్చుకున్నారు కదరా!

ఈ పామ్‌టాప్ 1994లో వచ్చింది. అరచేతిలో పట్టే పెట్టెలో యంత్రాన్ని నడిపించే ఎంఎస్ డాస్ 5.0, లెక్కల షీట్లు వేసే లోటస్ 1-2-3 రెండూ మార్చుకోగల మెమరీ అయిన రామ్‌లో కాక, మార్చలేని రోమ్‌లోనే అచ్చయి ఉంటాయి. అంటే ఆ భాగం రెంటిలోనూ ఒకటే, మీరు చెడగొడదామన్నా చెడదు. తేడా వస్తే మిగతా వాటిలో రావాలి: మీరు పెట్టుకున్న సెట్టింగులు, ఫైళ్ళు దాచుకోడానికి పక్కన దూర్చిన మెమరీ కార్డు, లేదా లోపలి బోర్డు.

"నాది నెమ్మది" అంటే నాకేం అర్థమవుతుంది బంటీ? ఏ పనిలో నెమ్మదో చెప్పాలి. ఫైళ్ళ జాబితా చూపించే డీఐఆర్ ఆజ్ఞ కొట్టినప్పుడా, లోటస్ లెక్క చేసినప్పుడా, రెండింటిలోనూనా?

డీఐఆర్ దగ్గరే అయితే నాకు ముందు కార్డు మీదే అనుమానం. అక్క దాంట్లో ఉన్నది నా పాత 32 ఎంబీ కార్డు. నీకు మీ నాన్న ఎస్పీ రోడ్డులో 512 ఎంబీది కొనిచ్చాడు. ఆన్ చేశాక మొదటిసారి డీఐఆర్ కొడితే, కార్డులో ఖాళీ ఎంత మిగిలిందో చెప్పడానికి డాస్ దాని పట్టీ (కార్డులో ఏ ముక్క నిండిందో, ఏది ఖాళీయో రాసుకున్న జాబితా) మొత్తం మొదటి నుంచి చివరిదాకా చదువుతుంది. మామూలుగా 32 ఎంబీ కార్డు పట్టీలో గళ్ళు 16 వేల దాకా ఉంటాయి, నీ కార్డులో 60 వేల పైనే. పెద్ద కార్డన్న గొప్పకి నువ్వు కడుతున్న పన్ను అది. రెండోసారి కొడితే ఆలస్యం పోవాలి. పోతే యంత్రం తప్పేం లేదు. ఇంకో మాట, ఆటలన్నీ ఒకే ఫోల్డర్‌లో కుక్కెయ్యొద్దు. పేరు దొరికేదాకా డాస్ వరసగా వెతుకుతూ పోవాలి.

లోటస్ సంగతి వేరు. మీ ఇద్దరి షీట్లు వేరువేరు కాబట్టి వాటిని పోల్చి లాభం లేదు. పైగా చిన్ని షీట్‌లో అడుగున కాల్క్ అన్న అక్షరాలు కనిపిస్తున్నాయేమో చూడమ్మా. ఉంటే నీ షీటు మాన్యువల్‌లో ఉన్నట్టు. అంకె మారిస్తే మిగతా గళ్ళని ముట్టుకోదు, ఎఫ్9 నొక్కేదాకా పాత జవాబులే చూపిస్తుంది. లెక్కే చెయ్యనిది వేగంగా కాక ఎలా ఉంటుంది! స్లాష్ నొక్కి వర్క్‌షీట్, గ్లోబల్, రీకాల్క్ లోకి వెళ్ళి ఆటోమాటిక్ పెట్టు.

ఇప్పుడు అసలైన పరీక్ష. రెంటిలోనూ కార్డు తీసెయ్యండి (ఆఫ్ చేశాకే). కొత్త షీట్‌లో మొదటి గడిలో 1 వెయ్యండి. కింది గడిలో పై గడిని 1.001తో గుణించే ఫార్ములా రాసి, దాన్నే 2000 వరసల దాకా కాపీ చెయ్యండి. తరవాత మొదటి గడిలో 1 తీసి 2 వేసి, పై మూల వెయిట్ అన్నది పోయేదాకా ఎంత సేపు పట్టిందో చూడండి. దశాంశ లెక్కలకని విడిగా చిప్ లేదు కాబట్టి పాపం ప్రాసెసర్ ఒక్కతే చెమటోడుస్తుంది. సమయం మాత్రం గోడ గడియారంతోనో ఫోనుతోనో చూడాలి. వేగం అనుమానంగా ఉన్న యంత్రాన్నే టైము అడగకూడదు.

అంకెలు దగ్గరదగ్గరగా వస్తే తగువు కార్డుదో సెట్టింగులదో. సీ డ్రైవులో (మీ ఫైళ్ళుండే లోపలి మెమరీ) కాన్ఫిగ్ డాట్ సిస్, ఆటోఎగ్జెక్ డాట్ బ్యాట్ అని యంత్రం మొదలయ్యేటప్పుడు చదువుకునే సెట్టింగుల ఫైళ్ళుంటాయి, రెంటినీ టైప్ ఆజ్ఞతో తెరపైకి తెచ్చి పక్కపక్కన చదవండి. తేడా ఉన్న వరసలని ఒక్కొక్కటే మార్చి చూడాలి. రెండు ఒకేసారి మారిస్తే ఏది పనిచేసిందో తెలియక మళ్ళీ కొట్టుకుంటారు.

అక్కది సరిగ్గా సగం సమయంలో ముగిస్తే మాత్రం కథ వేరు. ఈ ప్రాసెసర్ 7.91 మెగాహెర్ట్జ్‌తో, అంటే సెకనుకి 79 లక్షల పైచిలుకు టిక్కులతో నడుస్తుంది. ఆ లయని ఇచ్చేది బోర్డు మీది క్వార్ట్జ్ క్రిస్టల్. రామనవమి కచేరీల్లో చూశారుగా, తాళం వేసే చెయ్యి జోరు పెంచితే పాడేవాడూ పరుగెత్తాల్సిందే. ఆ రోజుల్లో ఇది పిచ్చిగా ఇష్టపడేవాళ్ళు క్రిస్టల్ మార్పించి వేగాన్ని సుమారు 15.8కి, అంటే రెట్టింపుకి, తెచ్చుకునేవాళ్ళు. బ్యాటరీ మాత్రం తొందరగా అయిపోయేది. నేను కొత్తగా కొన్నది ఒక్కటే. రెండోది సెకండ్ హ్యాండ్, అంతకుముందు ఎవరి చేతుల్లో ఉందో, లోపల ఏం చేయించారో తెలియదు. చిన్నికి వచ్చింది అదేనని నా అనుమానం.

బంటీ, కొత్త బ్యాటరీలు వేస్తే వేగం పెరుగుతుందని వేశావట. పెరగదు నాయనా. ఓల్టేజీ తగ్గినా క్రిస్టల్ లయ మారదు. బ్యాటరీ బొత్తిగా అయిపోతే యంత్రం ఆగిపోతుంది తప్ప నెమ్మదించదు. తెర బూజరగా ఉంటే మాత్రం నెమ్మదిగా ఉన్నట్టు కంటికి అనిపిస్తుంది. కాంట్రాస్ట్ సరిచేసి చూడు.

స్క్రూడ్రైవర్ జోలికి మాత్రం పోవద్దు. ఈ డబ్బాలు ముసలివి, ప్లాస్టిక్ పెళుసెక్కి ఉంటుంది. కావాలంటే దసరాకి వచ్చినప్పుడు నా బల్ల మీద విప్పుదాం. పరీక్ష అంకెలు కాగితం మీద రాసి ఆదివారం ఫోను చెయ్యండి.

ఇట్లు
మీ తాతయ్య

తా.క.: ఆల్కలైన్ బ్యాటరీలు వేసి ఉంటే సెటప్‌లో చార్జింగ్ ఆపెయ్యండి, లేకపోతే అవి కారతాయి. సీ డ్రైవు నిలిచేది బ్యాటరీ మీదే. పెద్ద బ్యాటరీలు, చిన్న బిళ్ళ బ్యాటరీ రెండూ ఒకేసారి తీశారో, మీ షీట్లన్నీ గోవిందా.