చుక్క ఊపిరి లెక్క

కొండవీడు ఘాట్ రోడ్డులో ఒక మలుపు దగ్గర మా కుక్క చుక్క ఆగిపోయింది. మార్చి మొదటి వారం, ఉదయం ఏడున్నర. ఎండ ఇంకా ముదరలేదు. అయినా రాతిగోడ నీడ కనిపించగానే అక్కడికి వెళ్ళి, పొట్ట నేలకు ఆనించి, వెనక కాళ్ళు బార్లా చాపి పడుకుంది. నాలుక ఒక పక్కకు జారి, చివర గరిటెలా వెడల్పయింది. డొక్కలు చూపుకు అందనంత వేగంగా ఎగిరెగిరి పడుతున్నాయి. మా అన్నయ్య కూతురు గిన్నెలో నీళ్ళు పోసి దాని ముందు పెట్టి, నా వైపు తిరిగింది.

"బాబాయ్, జూన్‌లో మేము హిమాలయాల్లోని హంప్టా కనుమకు వెళ్తున్నాం. దీన్ని కూడా తీసుకువెళ్దామనుకున్నాను. ఈ కొండకే ఇంత రొప్పుతోందే, అక్కడ తట్టుకోగలదా?"

చుక్క గుంటూరు వీధిలో పుట్టిన కుక్క. నెలల పిల్లగా ఉన్నప్పుడు వాన నీళ్ళ కాలువలోంచి తీసి ఇంటికి తెచ్చుకుంది మా అన్నయ్య కూతురే. ఇప్పుడు నాలుగేళ్ళు. సన్నని ఒళ్ళు, పొడుగాటి మూతి, పొట్టి వెంట్రుకలు. నేను విజయవాడ కళాశాలల్లో చాలాకాలం జంతుశాస్త్రం చెప్పాను. అయినా ఆ ప్రశ్నకు అక్కడికక్కడ అవుననో కాదనో చెప్పలేకపోయాను. ఇంటికి వచ్చాక వారం రోజులు దాని గురించే ఆలోచించాను.

ముందు ఆ రొప్పు సంగతి. కొండవీడు కొండ ఎత్తు వెయ్యి అడుగుల పైన. అక్కడ గాలి పీడనం నేల మీదకంటే నాలుగైదు శాతమే తగ్గుతుంది. ఊపిరి అందక రొప్పేంత తేడా కాదది. చుక్క ఒళ్ళు చల్లబరుచుకుంటోంది. మనకు ఒళ్ళంతా చెమట పడుతుంది. కుక్కకు వేడి తగ్గించే చెమట గ్రంథులు అరికాళ్ళ మెత్తల్లోనే ఉంటాయి, అవి ఏ మూలకూ చాలవు. అందుకని ముక్కులోని తడిని, నోటిలోని తడిని గాలికి ఆరబెడుతుంది. ఒక గ్రాము నీరు ఆవిరైతే సుమారు 580 కేలరీల వేడిని తనతో పట్టుకుపోతుంది. కూజాలో నీళ్ళు చల్లబడేది కూడా ఈ లెక్కతోనే. ముక్కుకు రెండు పక్కలా లోపల ప్రత్యేకంగా ఒక గ్రంథి ఉంది. ఒళ్ళు వేడెక్కేకొద్దీ అది ఎక్కువ నీరు వదులుతుందని 1972లో తేలింది. రొప్పే కుక్క చాలావరకు ముక్కుతో గాలి పీల్చి నోటితో వదులుతుంది. తడి ముక్కు మీదుగా లోపలికి వెళ్ళిన గాలి, పట్టిన వేడిని మళ్ళీ ముక్కుకే అప్పగించకుండా వేరే దారిన బయటపడుతుందన్నమాట.

ఇందులో నన్ను ఎప్పుడూ ఆశ్చర్యపరిచేది వేగం. తీరికగా ఉన్న కుక్క నిమిషానికి ఇరవై ముప్పై సార్లు ఊపిరి తీస్తుంది. రొప్పేటప్పుడు అది ఒక్కసారిగా మూడు వందలు దాటిపోతుంది. నూట యాభై దగ్గరో రెండు వందల దగ్గరో నిలవదు. కారణం 1962లో తెలిసింది. ఛాతీకి, ఊపిరితిత్తులకు సాగే గుణం ఉంది కాబట్టి వాటికి సొంతంగా ఒక ఊపు ఉంటుంది. కుక్కలో అది సెకనుకు సుమారు అయిదు సార్లు. ఊయలను దాని ఊపుకు తగినట్టు తోస్తే చిటికెన వేలు చాలు, ఎదురుగా తోస్తే చేతులు నొప్పి పుడతాయి. కుక్క తన ఛాతీని సరిగ్గా దాని ఊపులోనే ఆడిస్తుంది. లేకపోతే రొప్పడానికి పడే శ్రమే కొత్త వేడిని పుట్టించేది.

కృష్ణా తీరంలో ఉన్నవాళ్ళకు ఇంకో మాట చెప్పాలి. గాలిలో తేమ నిండిపోతే తడి ఆరదు. ఆగస్టులో ఉక్కపోసే సాయంత్రాలు మన చొక్కా ఒంటికి అంటుకుపోతున్నప్పుడు, పక్కన నడిచే కుక్క ఎంత రొప్పినా ఒళ్ళు చల్లబడదు. మామూలుగా దాని ఒంటి వేడి 101 నుంచి 102.5 డిగ్రీల ఫారన్‌హీట్. 106 దాటితే ప్రాణం మీదికి వస్తుంది. మే నెల ఎండకంటే వానలకు ముందటి ఉక్క ప్రమాదం అని నేను కుక్కలున్న ఇళ్ళవాళ్ళకు పదే పదే చెబుతుంటాను.

ఇక హిమాలయం. హంప్టా కనుమ 4,270 మీటర్ల ఎత్తులో ఉంది. విజయవాడ సముద్రమట్టానికి పాతిక మీటర్లకు మించదు. రెండు చోట్లా గాలిలో ప్రాణవాయువు వాటా ఒకటే, 21 శాతం. తగ్గేది గాలి మొత్తం. మన నెత్తిమీది గాలి బరువే పీడనం కాబట్టి, పైకి వెళ్ళేకొద్దీ ఆ బరువు తగ్గి గాలి పలచబడుతుంది. కనుమ దగ్గర పీడనం ఇక్కడి దానిలో సుమారు 60 శాతం. అక్కడ నీళ్ళు 86 డిగ్రీల సెల్సియస్‌కే మరుగుతాయి, మామూలు గిన్నెలో అన్నం పలుకు వదలదు. ప్రతి ఊపిరిలోనూ అందే ప్రాణవాయువు కూడా ఆ 60 శాతం లెక్కలోనే.

కొండ జబ్బుకు మూలం ఈ కొరతేనని ఫ్రెంచి శాస్త్రవేత్త పాల్ బెర్ట్ 1878లో అచ్చువేసిన గ్రంథంలో నిరూపించాడు. పీడనం తగ్గించగల ఇనుప గదుల్లో ఆయన జంతువులను ఉంచి చూశాడు, వాటిలో కుక్కలూ ఉన్నాయి. రక్తంలో ప్రాణవాయువు తగ్గిందని మెదడుకు కబురు చేసే చిన్న అవయవాలు మెడలోని ధమనుల దగ్గర ఉన్నాయని బెల్జియంలో కార్నీల్ హేమన్స్ కనిపెట్టాడు. ఆయనకు 1938 సంవత్సరపు నోబెల్ బహుమతి వచ్చింది. ఆ ప్రయోగాలు కుక్కల మీదే జరిగాయి, ఒక కుక్క రక్తాన్ని మరో కుక్క తలకు పంపి చేసినవి. కొండలెక్కే మనిషి ప్రాణం కాపాడే జ్ఞానంలో ఇంత భాగం కుక్కలు ఇచ్చినదే. ఈ పాఠం చెప్పిన ప్రతిసారీ ఒక నిమిషం ఆగి ఈ మాట పిల్లలకు చెప్పేవాణ్ణి.

మెడలోని ఆ కావలివాళ్ళు చెప్పేది ఒకటే: లోతుగా పీల్చు. ఇక్కడ చిక్కు వస్తుంది. చల్లబడటానికి తీసే ఊపిరి పైపైది. గాలి ముక్కు, గొంతు, పెద్ద నాళాల వరకు వెళ్ళి తిరిగివస్తుంది. లోపలి గాలిగదుల దాకా చేరేది కొద్ది. చేరకపోవడం మంచిదే. ఆ వేగంతో గాలిగదులన్నీ కడిగేస్తే రక్తంలోని బొగ్గుపులుసు వాయువు ఊడ్చుకుపోయి, రక్తం క్షారగుణానికి మొగ్గుతుంది. ప్రాణవాయువు కోసం తీసే ఊపిరి మాత్రం గాలిగదుల దాకా వెళ్ళి తీరాలి. మనిషికి ఈ రెండు పనులకు రెండు అవయవాలు: చల్లదనానికి చర్మం, ప్రాణవాయువుకు ఊపిరితిత్తులు. కుక్కకు రెండూ ఒకే దారి. ఎత్తు మీద ఎండలో నిటారైన దారి ఎక్కే కుక్క ఒకే ఛాతీతో ఇద్దరు యజమానులకు చాకిరీ చేస్తోంది. పొడి గాలిలో తడి తొందరగా ఆరుతుంది, చలి ఉంటుంది కాబట్టి వేడి బాధ అక్కడ కొంత తక్కువే. కానీ అలా ఆరిన నీరంతా దాని ఒంట్లోదే, తాగించకపోతే తిరిగి రాదు.

లోతైన ఊపిరికీ హద్దుంది. రక్తం క్షారమయ్యేకొద్దీ మెదడు ఊపిరికి కళ్ళెం వేస్తుంది. మూత్రపిండాలు ఆ క్షారాన్ని బయటికి పంపి కళ్ళెం సడలించడానికి రోజులు పడుతుంది. మనిషైనా కుక్కైనా ఈ రోజులను డబ్బుతోనో కండబలంతోనో తగ్గించలేరు. అందుకే 3,000 మీటర్లు దాటాక పడుకునే చోటు రోజుకు 500 మీటర్లకు మించి పెంచవద్దని, మూడు నాలుగు రోజులకు ఒకరోజు ఆగమని పర్వత వైద్యులు మనుషులకు చెబుతారు. కుక్కకూ నేను అదే కొలత పెట్టుకుంటాను.

అయితే కుక్క నిస్సహాయురాలేమీ కాదు. దాని ప్లీహం ఎర్రకణాల గాదె. పరుగు మొదలవగానే ముడుచుకుని, దాచిన కణాలను రక్తంలోకి వదులుతుంది. ఇంకో మేలు ఊపిరితిత్తుల ధమనుల్లో ఉంది. ప్రాణవాయువు తగ్గితే ఆ ధమనులు బిగుసుకుంటాయి, గుండె కుడి భాగం మీద భారం పడుతుంది. పశువుల్లో ఈ బిగింపు చాలా ఎక్కువ. అమెరికాలో కొలరాడో కొండల మీద మేసే ఆవులకు గుండె అలసిపోయి, గంగడోలు దగ్గర నీరు దిగే జబ్బు వస్తుంది. కుక్క ధమనుల గోడల్లో కండ పలచన, బిగింపు తక్కువ. అయినా ఊపిరితిత్తుల్లో నీరు చేరడం కుక్కల్లోనూ చూశారు.

టిబెటన్ మాస్టిఫ్ అనే కుక్క జాతి కథ వేరు. ఎత్తు మీద రక్తం చిక్కబడటాన్ని అదుపులో ఉంచే ఈపాస్1 అనే జన్యువు రూపం దానికి టిబెట్ తోడేళ్ళతో కలిసినప్పుడు వచ్చింది. హీమోగ్లోబిన్‌లో రెండు చిన్న మార్పులు కూడా తోడేలు ఇచ్చినవేనని, వాటివల్ల ప్రాణవాయువును మరింత గట్టిగా పట్టుకుంటుందని 2019లో వివరించారు. టిబెట్ మనుషులకు అదే ఈపాస్1 జన్యువులో మేలైన రూపం డెనిసోవన్ అనే అంతరించిన మానవజాతి నుంచి వచ్చిందని 2014లో తెలిసింది. ఒకే కొండ మీద మనిషీ కుక్కా ఇద్దరూ తమకంటే ముందు అక్కడ బతికిన చుట్టాల దగ్గర ఒకే మందు అరువు తెచ్చుకున్నారు. జీవశాస్త్రంలో నాకు ఇంతకంటే ఇష్టమైన సంగతులు ఎక్కువ లేవు. గుంటూరు కాలువలో దొరికిన చుక్కకు ఆ ఆస్తి ఉందని అనుకోవడానికి ఆధారం లేదు.

2018 నవంబరులో నేపాల్‌లో ఒక వీధికుక్క పర్వతారోహకుల వెంటపడి 7,129 మీటర్ల బరుంట్సే శిఖరం ఎక్కింది. మేరా అని పిలిచారు దాన్ని. ఆ వార్త చదివినవాళ్ళు మా కుక్కా ఎక్కగలదనుకుంటారు. మేరా ఆ కొండల్లోనే తిరిగిన కుక్క, దాన్ని ఎవరూ తీసుకువెళ్ళలేదు. ధర్మరాజు వెంట నడిచిన కుక్క మెడలోనూ తాడు లేదు. తాడున్న కుక్క సంగతి వేరు. అది మనం ఆగితే ఆగుతుంది, మనం నడిస్తే నడుస్తుంది. తలనొప్పిగా ఉందని చెప్పదు. బ్రిటన్‌లో పశువైద్యుల రికార్డులు తీసి చూస్తే కుక్కల వడదెబ్బకు అన్నిటికంటే పెద్ద కారణం వ్యాయామం అని తేలింది. ఎండలో వదిలేసిన కుక్కలకంటే యజమాని వెంట ఉత్సాహంగా పరిగెత్తిన కుక్కలే ఎక్కువ.

కాబట్టి మా అన్నయ్య కూతురికి చెప్పాను. మనాలి 2,050 మీటర్లు. కనుమ నడకను మామూలుగా నాలుగైదు రోజుల్లో ముగిస్తారు. చుక్కకు అది చాలని సమయం. మనాలిలో మూడు రోజులు ఊరికే ఉండి, 3,000 మీటర్ల లోపు దారుల్లో నడిపించు, కనుమకు మరోసారి నువ్వు వెళ్ళు అన్నాను. జాతీయ ఉద్యానాల్లోకి కుక్కను సాధారణంగా రానివ్వరు, అది న్యాయం కూడా. కుక్కల్లో వచ్చే డిస్టెంపర్ వైరస్ 2018లో గిర్ అడవి సింహాలను పొట్టన పెట్టుకుంది. టీకాలన్నీ వేయించాకే బయలుదేరాలి. రాత్రిపూట కుక్క గుడారం లోపలే ఉండాలి, చిరుతకు కుక్క ఇష్టమైన ఆహారం. అక్కడి గొర్రెల కాపరులు తమ కుక్కల మెడకు ముళ్ళ ఇనుప పట్టీలు కట్టేది అందుకే.

మందుల సంచి గురించి మాత్రం గట్టిగా చెప్పాను. మనం తలనొప్పికి వేసుకునే పారాసిటమాల్ కుక్క కాలేయాన్ని దెబ్బతీస్తుంది. మోతాదు మించితే హీమోగ్లోబిన్‌ను ప్రాణవాయువు మోయలేని రూపానికి మారుస్తుంది. అసలే గాలి పలచనైన చోట అది ఎంత ఘోరమో వేరే చెప్పనక్కరలేదు. ఇబుప్రొఫెన్ కడుపులో పుండ్లు చేస్తుంది, మూత్రపిండాలను పాడుచేస్తుంది. చుక్క నీరసపడితే మాత్ర కాదు, కిందికి దిగడమే వైద్యం. దగ్గు, చిగుళ్ళు నీలంగానో బూడిదరంగుగానో మారడం, నీడలో పడుకున్నా తగ్గని ఆయాసం, వీటిలో ఏది కనిపించినా దిగిపోవాలి.

ఆయాసం తగ్గిందో లేదో ఎలా తెలుస్తుంది అని అడిగింది. నిద్రపోతున్న కుక్క రొప్పదు. చల్లదనం పని ఆగిపోయి, ప్రాణవాయువు పని ఒక్కటే మిగిలే సమయం అది. డొక్క ఒకసారి లేచి దిగితే ఒక ఊపిరి. నిమిషంపాటు లెక్కపెడితే ఆరోగ్యంగా ఉన్న కుక్కకు ముప్పై దాటదు. ఇంట్లో దాని మామూలు అంకె తెలిసి ఉంటే, కొండ మీద పెరిగినప్పుడు తేడా పట్టుకోవచ్చు. ఆ అంకె ఇక్కడే, ఇప్పుడే రాసిపెట్టుకోవాలి.

అప్పటినుంచి రోజూ రాత్రి పదింటికి గుంటూరు నుంచి నా ఫోనుకు ఒక అంకె వస్తోంది. మొన్న 19. నిన్న ఉక్కగా ఉంది, 24. ఇవాళ ఫ్యాను కింద, 20.