కోటిలో నాలుగైదు పరమాణువులు

"సముద్రం వేడెక్కుతోందని రోజూ వార్తల్లో చూస్తున్నాం. 20,000 ఏళ్ల కింద ఇప్పటికంటే ఎన్నో డిగ్రీలు చల్లగా ఉండేదని కూడా రాస్తున్నారు. అప్పుడు థర్మామీటర్ పెట్టి చూసినవాళ్లెవరండీ?" అని ఒక పాఠకుడు అడిగారు. న్యాయమైన ప్రశ్న. ప్రపంచ సముద్రాల్లో లోతుల దాకా ఉష్ణోగ్రతను పద్ధతిగా కొలిచిన తొలి పెద్ద యాత్ర బ్రిటిష్ నౌక చాలెంజర్‌ది. అది బయల్దేరింది 1872లో. అంతకు ముందు సంగతులు కావాలంటే అడుగున పేరుకున్న బురదనే అడగాలి.

ఆ బురదలో ఫొరామినిఫెరా అనే ఏకకణ జీవుల గుల్లలు ఉంటాయి. చాలావాటి సైజు అర మిల్లీమీటరుకు మించదు. కొన్ని జాతులు పైనీటిలో తేలుతూ బతుకుతాయి, కొన్ని అడుగునే ఉంటాయి. సముద్రపు నీటిలోని కాల్షియంతో, కార్బనేట్‌తో గుల్ల కట్టుకుంటాయి. చచ్చాక గుల్ల మిగులుతుంది, దాని మీద ఇంకో పొర పడుతుంది. నడిసముద్రంలో వెయ్యేళ్లకు కొద్ది సెంటీమీటర్ల బురదే పేరుకుంటుంది కాబట్టి, పొడవాటి గొట్టం దించి కొన్ని మీటర్లు పైకి తీస్తే లక్షల ఏళ్లు చేతికొస్తాయి. ల్యాబ్‌లో బురదను సన్న జల్లెడలో కడిగి, మైక్రోస్కోప్ కింద తడి కుంచె కొనతో ఒక్కో గుల్లనూ ఏరతారు. ఎంతో ఓపిక కావలసిన పని.

అసలు రహస్యం ఆ గుల్లలోని ఆక్సిజన్‌లో ఉంది. ఐసోటోపులంటే ఏమిటని పదో తరగతి పిల్లల్ని అడగండి. "పరమాణు సంఖ్య ఒకటే, ద్రవ్యరాశి సంఖ్య వేరు" అని గుక్క తిప్పుకోకుండా చెప్తారు. ఒక మార్కు ప్రశ్న, అక్కడితో అయిపోతుంది. ఆ తేడాతోనే లక్షల ఏళ్ల నాటి సముద్రాన్ని చదవొచ్చని వాళ్లకు ఎవరూ చెప్పరు. నాకు బాధ కలిగించే విషయం ఇది.

లెక్క చూద్దాం. సముద్రంలో కోటి ఆక్సిజన్ పరమాణువుల్ని తీసుకుంటే వాటిలో దాదాపు 20,000 బరువైనవి, అంటే ఆక్సిజన్-18. మిగతావి దాదాపు అన్నీ తేలికైన ఆక్సిజన్-16. గుల్ల కట్టేటప్పుడు కార్బనేట్ బరువైన పరమాణువుల్ని కాస్త ఎక్కువగా ఇముడ్చుకుంటుంది, ఎందుకంటే బరువైన పరమాణువు వేసే బంధం కొంచెం గట్టిది. నీరు వేడెక్కేకొద్దీ అణువుల కదలిక పెరిగి ఈ మొగ్గు తగ్గిపోతుంది. ఎంత తగ్గుతుందో 1947లో అమెరికా రసాయన శాస్త్రవేత్త హెరాల్డ్ యూరీ లెక్కగట్టారు. భార హైడ్రోజన్‌ను కనిపెట్టి 1934లో నోబెల్ అందుకున్న యూరీయే ఈయన. తర్వాత చికాగోలో ఆయన బృందం చేసిన కొలతల ప్రకారం నీరు ఒక డిగ్రీ చల్లబడితే గుల్లలో బరువైన పరమాణువులు కోటికి నాలుగైదు పెరుగుతాయి. అంతే. 20,000 కాస్తా 20,004 అవుతుంది. గుల్లను ఫాస్ఫారిక్ ఆమ్లంలో కరిగించి, వచ్చిన కార్బన్ డయాక్సైడ్‌ను మాస్ స్పెక్ట్రోమీటర్‌లోకి, అంటే అణువుల్ని బరువును బట్టి వేరుచేసే యంత్రంలోకి, పంపి ఈ తేడాను పట్టుకుంటారు. మనిషి కొలిచినవాటిలో ఇంత అందమైనవి చాలా తక్కువని నా నమ్మకం.

యూరీ శిష్యుల్లో ఒకరైన చెసారె ఎమిలియాని దీన్ని కరీబియన్, అట్లాంటిక్ బురద మీద ప్రయోగించి 1955లో ఫలితాలు ప్రకటించారు. గుల్లల్లో బరువైన ఆక్సిజన్ పదేపదే పెరుగుతూ తగ్గుతూ వచ్చింది. మంచుయుగాలు ఒకటీ రెండూ కాదు, వరసగా వచ్చాయని అలా తేలింది. ఆ ఎగుడుదిగుళ్లలో ఎక్కువ భాగం పైనీటి ఉష్ణోగ్రతవల్లేనని, మంచుయుగంలో కరీబియన్ దాదాపు 6 డిగ్రీలు చల్లబడిందని ఆయన అన్నారు.

చిక్కంతా ఇక్కడే వచ్చింది. గుల్లలో బరువైన ఆక్సిజన్ పెరగడానికి నీరు చల్లబడటం ఒక్కటే కారణం కాదు. ఆ నీటిలోనే బరువైనది పెరిగి ఉండొచ్చు.

కళ్లంలో తూర్పారబట్టడం చూసినవాళ్లకు ఇది వెంటనే అర్థమవుతుంది. చేటతో ఎత్తి పోస్తుంటే గట్టి గింజ కాళ్ల దగ్గరే పడుతుంది. తాలు కాస్త అవతల పడుతుంది. పొట్టు గాలికి దూరం పోతుంది. సముద్రం మీద కూడా రాత్రీపగలూ ఇదే జరుగుతుంది. నీరు ఆవిరయ్యేటప్పుడు తేలికైన ఆక్సిజన్ ఉన్న అణువులు సులువుగా లేస్తాయి. మేఘం ధ్రువాల వైపు ప్రయాణిస్తుంటే బరువైనవి ముందు వానగా రాలిపోతాయి. మిగిలిన ఆవిరి దారి పొడుగునా ఇంకా ఇంకా తేలికవుతుంది. చివరకు గ్రీన్‌లాండ్ నడిబొడ్డున పడే మంచులో బరువైన ఆక్సిజన్ సముద్రంలోకంటే 3.5 శాతం తక్కువ, అంటార్కిటికా లోపలి మంచులో 5 శాతం తక్కువ. కళ్లంలోలాగా పూర్తిగా వేరుపడటం మాత్రం ఇక్కడ ఉండదు. ప్రతి చేటకూ ఇంతింత మొగ్గు, అంతే. కానీ చేటలు లెక్కలేనన్ని.

మామూలు రోజుల్లో ఎగిరిపోయిన పొట్టంతా నదుల్లో కొట్టుకొచ్చి మళ్లీ రాశిలోనే కలుస్తుంది. రాశి మారదు. మంచుయుగంలో అలా కాదు. పొట్టు వెనక్కి రాకుండా కెనడా మీద, ఉత్తర ఐరోపా మీద కిలోమీటర్ల మందాన గుట్టపడిపోయింది. సముద్రంలో గట్టిగింజల వాటా పెరిగింది. అందువల్ల నీరు ఒక్క డిగ్రీ చల్లబడకపోయినా అప్పటి గుల్లలు బరువుగానే ఉంటాయి. మంచువల్ల వచ్చే ఈ పెరుగుదల కోటికి ఎనిమిది దాకానే ఉంటుందని ఎమిలియాని వేసుకున్నారు.

కొలిచిన అంకె ఒకటి, తెలియాల్సినవి రెండు: వేడి ఎంత, మంచు ఎంత. ఒకే సమీకరణంతో రెండింటినీ తేల్చలేం. 1967లో కేంబ్రిడ్జ్‌లో నికొలస్ షాకిల్టన్ దీన్ని విప్పిన తీరు నన్ను ఎప్పుడూ ముగ్ధుణ్ణి చేస్తుంది. ఆయన పైనీటి గుల్లల్ని వదిలి సముద్రపు అడుగున బతికిన జాతుల్ని తీసుకున్నారు. అవి బురదలో అరుదు, అందుకే చాలా తక్కువ నమూనాను కూడా కొలవగలిగేలా యంత్రాన్ని మెరుగుపరిచారు. అడుగు గుల్లల్లోనూ ఎగుడుదిగుళ్లు పైవాటిలో ఉన్నంతే కనిపించాయి, కోటికి ముప్పైకి పైగా. అదంతా చల్లదనం వల్లే అనుకుంటే అడుగునీరు ఏడెనిమిది డిగ్రీలు చల్లబడి ఉండాలి. కానీ అడుగునీరు ఇప్పుడే ఒకటి, రెండు డిగ్రీల దగ్గర ఉంది. సముద్రపు నీరు మైనస్ 1.9 దగ్గర గడ్డకడుతుంది. ఇంక చల్లబడటానికి చోటెక్కడ? కాబట్టి ఎక్కువ వాటా మంచుదే.

ఆ అడుగునీరూ గడ్డకట్టే దరిదాపుల దాకా చల్లబడిందని తర్వాత తెలిసింది, అంటే షాకిల్టన్ మంచుకు కొంచెం ఎక్కువే ఇచ్చారు. 1996లో డానియెల్ ష్రాగ్ బృందం బురద రేణువుల మధ్య ఇరుక్కుపోయి మిగిలిన మంచుయుగపు నీటి జాడనే కొలిచింది. మంచు వాటా కోటికి ఇరవై అని తేలింది. ఎమిలియాని వేసుకున్నదానికి రెండున్నర రెట్లు.

వాటాల గొడవ తీరడంతో ఇంకో లాభం కలిగింది. మంచు లెక్క అన్ని సముద్రాలకూ ఒకటే కాబట్టి గుల్లల్లోని ఆక్సిజన్ ఎగుడుదిగుళ్ల గీత ప్రపంచమంతటికీ ఒకే క్యాలెండర్ అయింది. 1976లో హేస్, ఇంబ్రీ అనే శాస్త్రవేత్తలతో కలిసి షాకిల్టన్ దక్షిణ హిందూ మహాసముద్రం నుంచి తీసిన రెండు బురద స్తంభాల్లో 4,50,000 ఏళ్ల గీతను చదివి, అందులో భూకక్ష్య మార్పుల కాలచక్రాలు ఉన్నాయని నిరూపించారు. మంచుయుగంలో అంత నీరు మంచుగా బంధించబడి సముద్రమట్టం దాదాపు 120 మీటర్లు దిగింది. విశాఖలో సముద్రం నాలుగడుగులు వెనక్కి వెళ్తే చాలు, ప్రళయ సూచన అంటూ భయపెడతారు మన దగ్గర. మన తీరం ఎన్నో కిలోమీటర్లు సముద్రం వైపు జరిగి తిరిగొచ్చింది. దానికి కారణం కక్ష్య, ఎండ, మంచు.

మరి పాఠకుడు అడిగిన వేడి మాటేమిటి? దానికి రెండో సమీకరణం కావాలి. అది కూడా ఆ గుల్లలోనే దొరికింది. గుల్ల కట్టేటప్పుడు కాల్షియం చోట్లో అక్కడక్కడా మెగ్నీషియం దూరుతుంది. నీరు వెచ్చనయ్యేకొద్దీ ఎక్కువ దూరుతుంది, డిగ్రీకి సుమారు 9 శాతం చొప్పున. వెచ్చని సముద్రంలోని గ్లోబిజెరినాయిడెస్ రూబర్ అనే జాతిలో వెయ్యి కాల్షియం పరమాణువులకు ఐదింటి దాకా మెగ్నీషియం ఉంటుంది. సముద్రంలో ఈ రెండు మూలకాల నిష్పత్తి లక్షల ఏళ్లకు గానీ మారదు, మంచు ఎంత పేరుకున్నా దీనికి పట్టదు. అందుకని మెగ్నీషియంతో వేడిని తేల్చి, ఆ వాటాను ఆక్సిజన్ లెక్కలోంచి తీసేస్తారు. మట్టిలోనూ మెగ్నీషియం ఉంటుంది కాబట్టి గుల్లను ముందే పగలగొట్టి పదేపదే కడగాలి. ఉప్పదనం, ఆమ్లత్వం కూడా ఈ నిష్పత్తిని కొంత కదిలిస్తాయి. అవన్నీ సరిచూసుకున్నాక ఉష్ణమండల హిందూ మహాసముద్రం మంచుయుగంలో రెండు, మూడు డిగ్రీలు చల్లగా ఉండేదని చెప్పగలుగుతున్నారు.

వేడి, మంచు రెండూ తీసేశాక బంగాళాఖాతంలో ఇంకొకటి మిగులుతుంది: నదుల నీరు. తూర్పారబట్టిన వానే నదుల్లో వస్తుంది కాబట్టి గోదావరి నీరు సముద్రపు నీటికంటే తేలిక. వానలు బాగా పడిన శతాబ్దాల్లో గుల్లలు తేలికవుతాయి. కరువుల్లో నది నీరు తగ్గి సముద్రం ఉప్పెక్కుతుంది, గుల్లలు బరువెక్కుతాయి. 2006లో మన గ్యాస్ హైడ్రేట్ల (సముద్రం అడుగున మంచులా గడ్డకట్టిన సహజవాయువు) అన్వేషణ కోసం జాయిడెస్ రిజల్యూషన్ నౌక కృష్ణా-గోదావరి బేసిన్‌లో బురద స్తంభాలు తీసింది. వాటిలో గోదావరి ముఖద్వారానికి ఎదురుగా తీసిన స్తంభాన్ని కమీలో పాంటన్, లివియు జియోసన్ బృందం పరిశీలించి 2012లో ప్రచురించింది. గత 3,000 ఏళ్లలో, ముఖ్యంగా 1,700 ఏళ్ల కింది నుంచి, అంతకు ముందెన్నడూ లేనంత ఉప్పదనం అప్పుడప్పుడూ వచ్చి పోయినట్టు రూబర్ గుల్లలు చూపించాయి. అదే బురదలో, నది మోసుకొచ్చిన ఆకుల మైనంలోని కార్బన్ ఐసోటోపుల్ని కూడా వాళ్లు కొలిచారు. గోదావరి పరీవాహకంలో పొడినేలను తట్టుకునే మొక్కలు 4,000 ఏళ్ల కింద మొదలై 1,700 ఏళ్ల కింది దాకా పెరుగుతూ వచ్చి, ఆ తర్వాత అలాగే నిలిచిపోయాయని అది చెప్పింది. గుల్లా ఆకూ రెండూ ఎండిపోతున్న దక్కన్‌నే చూపించాయి.