ఏడు కేజీల బ్యాగు: అపోహలు - వాస్తవాలు

మొన్న వేసవిలో బెంగళూరు వెళ్లే కుర్రాడొకడు కౌంటర్ దగ్గరకొచ్చి చిన్న ట్రాలీని తూకం మీద పెట్టాడు. 9.8 కేజీలు. విమానంలోకి మనతో తీసుకెళ్లే బ్యాగుకు పరిమితి ఏడే. "మేడమ్, సైజు సరిపోయింది కదండీ! బట్టలన్నీ చుట్టచుట్టి, గాలి తీసే కవర్లలో పెట్టి మరీ సర్దాను" అన్నాడు. నిజమే, బ్యాగు ఎక్కడా ఉబ్బలేదు. రాత్రంతా కూర్చుని సర్దుకున్నట్టున్నాడు, పాపం. శంషాబాద్ విమానాశ్రయంలో చెకిన్ కౌంటర్ ఉద్యోగంలో 11 ఏళ్లుగా ఇలాంటి బ్యాగులు రోజూ చూస్తున్నాను. ఒక్క క్యాబిన్ బ్యాగుతో ప్రయాణం గురించి జనం నోట వినే మాటలు, వాటిలో నిజమెంతో రాస్తున్నాను.

అపోహ: బట్టలు చుట్టి పెట్టడమే తేలిగ్గా ప్రయాణించే కిటుకు.

వాస్తవం: చుడితే చోటు మిగులుతుంది, బరువు ఒక్క గ్రాము కూడా తగ్గదు. ఇలా సర్దడం నేర్పే వీడియోలు చాలావరకు అమెరికా వాళ్లవి. అక్కడి పెద్ద విమాన సంస్థలు దేశంలోపలి ప్రయాణాలకు క్యాబిన్ బ్యాగు కొలతే చూస్తాయి, బరువు సాధారణంగా అడగవు. కాబట్టి వాళ్ల తంటా అంతా చోటు గురించే. మన దగ్గర ఎకానమీ టికెట్టుకు 7 కేజీలు. పొడవు, వెడల్పు, ఎత్తు కలిపి 115 సెంటీమీటర్లు. ఈ రెండింట్లో ముందు నిండేది తూకమే. గాలి తీసే కవర్లతో ఇంకో చిక్కుంది. బ్యాగులో ఖాళీ కనపడగానే చెయ్యి ఊరుకోదు, మరో జీన్స్ తోసేస్తాం.

సర్దే ముందు ఒక్కో వస్తువునూ వంటింటి తూకం మీద పెట్టి చూడండి. జీన్స్ ప్యాంటు 600-700 గ్రాములుంటుంది. బూట్ల జత కేజీకి దగ్గర. మందపాటి టర్కీ టవల్ అరకేజీ పైమాటే. దాని బదులు పల్చటి నూలు తువ్వాలైతే 200 గ్రాములలోపు, పైగా ఫ్యాను కింద గంటలో ఆరిపోతుంది. మా నాన్నగారు ఎక్కడికెళ్లినా ఒంటి మీది జత కాక రెండు చొక్కాలు, ఒక ప్యాంటు, లుంగీ, తువ్వాలు, అంతే. సాయంత్రం స్నానం చేస్తూనే చొక్కా జాడించి ఆరేసేవారు. వారం రోజులైనా ఆయన సంచి మారేది కాదు. ఇంత తేలిగ్గా సర్దడం ఏ వీడియోలోనూ నాకు కనపడలేదు. బరువైన బూట్లు, జీన్స్ ఉంటే వాటిని వేసుకునే విమానం ఎక్కండి.

పెళ్లికి వెళ్లేవాళ్లకు మాత్రం నేనిది చెప్పను. జరీ ఎక్కువున్న ఒక్క పట్టుచీరే కేజీ దాకా తూగుతుంది. హాయిగా చెకిన్ చేసుకోండి, అంటే బ్యాగు కౌంటర్లో అప్పగించి విమానం కింది అరలోకి పంపేయండి. నగలు మాత్రం చేతి బ్యాగులోనే ఉంచుకోండి.

అపోహ: గట్టి పెంకు ట్రాలీ అయితేనే క్యాబిన్ బ్యాగు.

వాస్తవం: ఆ ట్రాలీ ఖాళీగానే రెండున్నర నుంచి మూడు కేజీలుంటుంది. ఏడులో మూడు పోతే మీ వస్తువులకు మిగిలేది నాలుగు. కొనేటప్పుడు రంగు, చక్రాలు, తాళం అన్నీ చూస్తాం, బరువు అడిగేవాళ్లు తక్కువ. వీపుకు తగిలించుకునే గుడ్డ బ్యాగు కేజీలోపే దొరుకుతుంది. అంటే రెండు కేజీలు చేతికొచ్చినట్టే. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లకు చక్రాలు అవసరం, అది వేరే సంగతి. వాళ్లకు కూడా మెత్తటి గుడ్డతో చేసిన తేలికపాటి ట్రాలీలు ఉన్నాయి. ఇంట్లో మనుషులు బరువు చూసుకునే మిషన్ ఉంటే చాలు. బ్యాగు పట్టుకుని ఒకసారి, లేకుండా ఒకసారి ఎక్కండి. తేడా ఎంతుంటే బ్యాగు అంత.

అపోహ: తినేవే కదా, చేతి సంచిలో ఏవైనా పెట్టుకోవచ్చు.

వాస్తవం: నాకు అన్నిటికన్నా బాధ కలిగించేది ఇదే. అమ్మ చేతి ఆవకాయ సెక్యూరిటీ దగ్గర వదిలేసి కళ్లు తుడుచుకుంటూ వెళ్లిన పిల్లల్ని చూశాను. మిరపకాయ పచ్చళ్లు, కారప్పొడి చేతి బ్యాగులో పనికిరావు. ఆవకాయలో కారం ఉంది, పైన తేలే నూనె కూడా ఉంది. దాన్ని గట్టిగా ప్యాక్ చేయించి చెకిన్ లగేజీలో వేయండి. ఒక్క పచ్చడి కోసమైనా సరే, చెకిన్ చేయడం తప్పేమీ కాదు.

అంతర్జాతీయ ప్రయాణాల్లో ద్రవాలకు 100 మి.లీ. పరిమితి. 2006 ఆగస్టులో లండన్ నుంచి అట్లాంటిక్ దాటే విమానాలను ద్రవ పేలుడు పదార్థాలతో కూల్చాలన్న కుట్ర బయటపడ్డాక వచ్చిన నిబంధన ఇది. ఇక్కడ లెక్క సీసా సైజుది. 200 మి.లీ. సీసాలో అడుగున కాస్త కొబ్బరినూనె ఉన్నా ఒప్పుకోరు. నెయ్యి కూడా ద్రవం కిందే పోతుంది. అమెరికా వెళ్లే విమానాల్లో 2018 నుంచి పొడుల మీదా కన్నేశారు. 350 మి.లీ. డబ్బా కన్నా ఎక్కువుంటే అదనపు తనిఖీ, అదేమిటో తేలకపోతే అక్కడే వదిలేయాలి. కాబట్టి కందిపొడి, నువ్వులపొడి పెద్ద లగేజీలోకి. అరిసెలు, పూతరేకులు నిశ్చింతగా చేత్తో తీసుకెళ్లండి. పూతరేకులకైతే అసలు బరువే ఉండదు.

కొబ్బరికాయ మామూలుగా క్యాబిన్‌లోకి రానివ్వరు. అయ్యప్ప మాల వేసుకున్నవాళ్లకు ఇరుముడి వదిలి వెళ్లడం ప్రాణసంకటం. 2024లో పౌర విమానయాన మంత్రి రామ్మోహన్ నాయుడు, తనిఖీ చేసి ఇరుముడి కొబ్బరికాయను అనుమతిస్తామని ప్రకటించారు. 2025 జనవరి 20 దాకా అది అమల్లో ఉంది. ఇది సీజన్‌ను బట్టి ఇచ్చే వెసులుబాటు. మీరు వెళ్లే ఏడాది తేదీలు చూసుకుని బయల్దేరండి. ఎండుకొబ్బరిని మాత్రం చెకిన్‌లో కూడా వేయొద్దు. నూనె ఎక్కువ కాబట్టి దానంతటదే వేడెక్కి అంటుకునే సరుకుల్లో దాన్ని లెక్కేస్తారు.

అపోహ: క్యాబిన్ బ్యాగుతో వెళ్తే డబ్బు మిగులుతుంది.

వాస్తవం: మన దేశీయ టికెట్లలో చాలావాటికి 15 కేజీల చెకిన్ కలిపే ఉంటుంది, వాడకపోతే తిరిగొచ్చేదేమీ లేదు. చెకిన్ లగేజీ లేని చౌక టికెట్టు తీసుకుంటేనే లాభం. మామూలుగా మిగిలేది సమయం. దిగాక సామాన్లొచ్చే బెల్టు దగ్గర నిలబడే పని ఉండదు. అలాగని ఆలస్యంగా రావొద్దు. గేటు విమానం బయల్దేరడానికి 20-25 నిమిషాల ముందే మూసేస్తారు.

అపోహ: క్యాబిన్ బ్యాగు చివరిదాకా మన దగ్గరే ఉంటుంది.

వాస్తవం: అన్నిసార్లూ ఉండదు. విమానం నిండితే పైన అరల్లో చోటు చాలదు. రాజమండ్రి, కడప లాంటి ఊళ్లకు తిరిగే ఏటీఆర్ అనే చిన్న విమానాల్లో ఆ అరలు మరీ చిన్నవి, ట్రాలీ పట్టదు. గేటు దగ్గరో మెట్ల దగ్గరో బ్యాగుకు ట్యాగ్ కట్టి కిందికి పంపేస్తారు. అప్పుడు పవర్ బ్యాంకు తీసి జేబులో పెట్టుకోవాలి. లిథియం బ్యాటరీ వేడెక్కి అంటుకుంటే క్యాబిన్‌లో ఆర్పేందుకు మనుషులుంటారు, కింద సామాన్ల అరలో ఉండరు. అనుమతి అడగకుండా తీసుకెళ్లగలిగేది 100 వాట్-అవర్ల దాకా. 20,000 ఎంఏహెచ్ అని రాసి ఉన్న పవర్ బ్యాంకు సుమారు 74 వాట్-అవర్లే కాబట్టి దిగుల్లేదు.

కొన్నేళ్ల క్రితం ఒక పెద్దాయన బ్యాగుకు నేనే ట్యాగ్ కట్టాను. ఆయన విమానమెక్కి కూర్చున్నాక, ఇన్సులిన్ అందులోనే ఉండిపోయిందని సిబ్బందికి చెప్పారు. ఇన్సులిన్ గడ్డకడితే పనికిరాదు, కింది అరలో ఆ ప్రమాదం ఉంది. తలుపు మూయకముందే గుర్తొచ్చింది కాబట్టి బ్యాగు వెతికి తెచ్చి ఇచ్చారు. ఆ రోజు నుంచి ట్యాగ్ చేతిలోకి తీసుకునే ముందు ప్రతి ఒక్కరినీ అడుగుతున్నాను: "అందులో మందులేమైనా ఉన్నాయాండీ?" మందులు, పాస్‌పోర్టు, పవర్ బ్యాంకు, నగలు అన్నీ ఒక చిన్న గుడ్డ సంచిలో వేసి బ్యాగులో పైపైనే పెట్టుకోండి. అడగ్గానే ఆ సంచి తీసి భుజాన వేసుకుంటే చాలు.